పొడుగు చేతుల గౌను

పోయినవారం మనం ఆగిన చోట ఝాన్సీ ఒక అబద్ధం ఆడింది. పెద్దదేం కాదు. ఒక రోజు పేరు చెప్పాల్సిన చోట ఇంకో రోజు పేరు చెప్పింది, అంతే.

ఆమె కూతురు మోక్షితకి ఆరేళ్ళు. రక్తంలో కేన్సరు. వైద్యం మొదలై ఏడాదిన్నర దాటింది. గండాలన్నీ గడిచాయి, ఇక నెలకోసారి ఒక ఇంజెక్షను, రోజూ సాయంత్రం ఒక మాత్ర, అలా ఇంకో ఏడాది ఈదితే చాలు అనుకుంటున్న వేళ, ఒళ్ళంతా పొక్కులతో, ఆయాసంతో ఉన్న పిల్లని భుజాన వేసుకుని గురువారం మధ్యాహ్నం గరివిడి నుంచి హైవే పక్కనున్న ఆస్పత్రికి వచ్చి పడింది ఝాన్సీ. వెంట అత్త తవిటమ్మ. మొగుడు త్రినాథ్ ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నాడు.

"మొదటి పొక్కు ఏ రోజు కనబడింది?" అని అడిగింది డాక్టర్ తన్మయి.

"శనివారం మేడం" అంది ఝాన్సీ.

ఆ మాట డాక్టరు కాగితం మీద రాసుకుంది. రాసుకున్నది చూసి ఝాన్సీ తల దించుకుంది. అక్కడ ఆగాం.

ఇవాళ మళ్ళీ శనివారం. పొద్దున్న పదకొండు కావస్తోంది.

వార్డుకి దూరంగా చివరి గదిలో మోక్షిని పెట్టారు. తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. ముక్కూ నోరూ కప్పుతూ ఆక్సిజన్ మాస్కు. మందులకి ఊడిపోయి ఈమధ్యే మళ్ళీ మొలిచిన జుట్టు, లేత గడ్డిలా నుదుటికి అంటుకుని ఉంది. పొక్కులు కొన్ని ఎండాయి, కొన్ని ఇంకా నీరు పట్టి మెరుస్తున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి పోతోంది. ఎనిమిది గంటలకోసారి ఇంజెక్షను. పొక్కులు పైన ఉన్నన్నే ఊపిరితిత్తుల్లోనూ ఉన్నాయని నిన్న ఫోటో తీసి చెప్పారు.

ఝాన్సీ పిల్ల అరికాలు పట్టుకుని కూర్చుంది. అక్కడొక్కచోటే పొక్కులు లేవు.

"అమ్మా" అంది మోక్షి, మాస్కు లోపలినుంచి. "బవానక్క వచ్చిందేటి?"

"లేదమ్మా. మంగళారం వస్తాది."

"నాకు బొమ్మ గీసి ఇస్తానన్నాది."

"ఇస్తాదిలే. నువ్వు మాటాడకు. ఆయాసం."

భవాని అంటే రాజాం దగ్గర పల్లె నుంచి వచ్చే మరిడమ్మ కూతురు, దుర్గాభవాని. తొమ్మిదేళ్ళది. అదే జబ్బు. కాకపోతే దానిది మొదటి ఏడాదే, గట్టి మందులు నడుస్తున్నాయి. ఈ ఆస్పత్రిలో ఝాన్సీని "సెల్లీ" అని పిలిచే మనిషి మరిడమ్మ ఒక్కతే. పోయిన మంగళవారానికి ముందు మంగళవారం, ఇంజెక్షన్ల హాల్లో మంచాలు చాలక, వాళ్ళిద్దరూ తమ పిల్లల్ని ఒకే మంచం మీద చెరోవైపు పడుకోబెట్టారు.

ఆ మంగళవారం గుర్తొచ్చి, ఝాన్సీ దుప్పటిని పిల్ల మెడదాకా లాగింది.

తలుపు తెరుచుకుంది. తన్మయి వచ్చింది. నీలం గౌను, మాస్కు, పైన రెండు కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. నిద్ర లేని కళ్ళు.

తన్మయి ఇక్కడ పెద్ద డాక్టరు కాదు. అలాగని చిన్న డాక్టరూ కాదు. మామూలు డాక్టరు చదువు అయింది, దాని మీద పిల్లల వైద్యం అయింది, ఇప్పుడు రక్తపు జబ్బులకీ కేన్సరుకీ వేరే ఇంకో మూడేళ్ళు. అందులో ఇది రెండో ఏడు. ఆ సంగతి తెలిసిన రోజున తవిటమ్మ బుగ్గ నొక్కుకుంది. "ఓలమ్మ! ముప్పయ్యొకటి వచ్చినా ఇంకా సదువేనేటమ్మా? మా కోడలికి పదిలోనే ఆపీసేం." తన్మయి పగలబడి నవ్వింది. "మా ఇంట్లోనూ అదే గొడవ మామ్మగారూ. పెళ్ళెప్పుడు, పెళ్ళెప్పుడు అని. నా చదువు అయ్యేలోపు పెళ్ళికొడుకులందరికీ జుట్టు ఊడిపోతుందట."

చదువు అంటారు గానీ, తన్మయి కూర్చుని చదవడం ఝాన్సీ ఏనాడూ చూడలేదు. పొద్దున్న ఏడింటికల్లా ప్రతి మంచం దగ్గరా ఆగుతుంది. రాత్రి జ్వరం ఎంత, నోట్లో పుళ్ళున్నాయా, ఏమైనా తిన్నాడా. ఎత్తూ బరువూ చూసి మందు లెక్క కడుతుంది. ఆ లెక్క ఇంకొకరు సరిచూస్తే గానీ సీసా కదలదు. వెన్నులో సూది, తుంటి ఎముకలోంచి మూలుగు తియ్యడం, అన్నీ ఆ చేతులే. పదింటికి పెద్ద డాక్టరు జానకిరామయ్యగారు వస్తే ఆయన అడిగిన ప్రతిదానికీ జవాబు నాలుక చివర ఉండాలి. ఇక ఏ తల్లితోనైనా చెప్పరాని మాట చెప్పాల్సి వస్తే, ముందు ఆ గదిలోకి వెళ్ళేది కూడా తనే. వెళ్ళొచ్చాక మెట్ల మలుపులో గోడకి తల ఆనించి ఒక్క నిమిషం నిలబడడం ఝాన్సీ రెండుసార్లు చూసింది. ఆ ఒక్క నిమిషమే. మళ్ళీ వార్డులోకి.

తన్మయి మోక్షి గుండె విన్నది, వీపు విన్నది. భుజం వెనక ఒక చోట వేలు ఆనించి ఆగింది. అక్కడ పొక్కు లేదు. పక్కు రాలిపోయి గులాబీ రంగు మచ్చ మిగిలింది.

వారంలో రాలే పక్కు కాదది. కాసేపు ఆ మచ్చనే చూసి, స్టూలు లాక్కుని ఝాన్సీ ఎదురుగా కూర్చుంది.

"ఝాన్సీ, మాత్రల సంచీ తెచ్చావా?"

"తెచ్చేను మేడం." ఝాన్సీ గుడ్డ సంచీ విప్పింది. అందులో పచ్చ కార్డు ఉంది. రోజూ మాత్ర వేశాక తల్లి టిక్కు పెట్టాల్సిన కార్డు. మిగతా తల్లుల కార్డుల మీద పసుపు మరకలు, చింపులు. ఝాన్సీ కార్డు కొత్త పుస్తకంలా ఉంటుంది. పదో తరగతి సగంలో ఆగిపోయిన చేతిరాత అది. ఎక్కడా గీత దాటదు. బుధవారం దాకా టిక్కులు వరసగా ఉన్నాయి.

తన్మయి కార్డు పక్కన పెట్టి, మాత్రల షీటు తీసింది. వెనక తారీకు రాసి ఉంది. ఆ మంగళవారం ఆస్పత్రిలో ఇచ్చిన షీటు. పాతది సోమవారంతో అయిపోయిందని ఝాన్సీయే అడిగి తీసుకుంది.

పది మాత్రలు. పదీ ఉన్నాయి.

"కార్డు నిండా టిక్కులున్నాయి" అంది తన్మయి. గొంతు పెంచలేదు. "షీటులోంచి ఒక్క మాత్ర కదల్లేదు. శనివారం పొక్కులొచ్చి, భయపడి మాత్రలు ఆపారనుకో, మంగళ, బుధ, గురు, శుక్ర, నాలుగు మాత్రలైనా ఖాళీ అవ్వాలి కదా?"

పిల్ల అరికాలు మీద ఝాన్సీ వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఏ రోజు ఝాన్సీ?"

తలుపు సందులోంచి జవాబు వచ్చింది. బయట చాప మీద కూర్చున్న తవిటమ్మ లేచి గుమ్మంలోకి వచ్చింది. "దాన్నేటి అడుగుతావు తల్లీ, నన్నడుగు. మాత్ర మానిపించింది నాను. అమ్మోరు పోసినప్పుడు మందెయ్యకూడదు. ఏసినోల్ల ఇల్లు నిలవదు."

"అత్తా" అంది ఝాన్సీ.

"ఉండెహె. దొంగతనం సేసేమా ఏటి? తలగడ కింద ఏపాకు పెట్టేను. ఇంట్లో పోపు మానేసేను. గుమ్మం దాటి ఎవుల్నీ రానియ్యలేదు. అమ్మోరికి సల్ది పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. తొమ్మిదో రోజు నీల్లు పోసీస్తే అమ్మ ఎల్లిపోద్ది అనుకున్నాను. ఎల్లలేదు. ఆయాసం ఎక్కువైపోనాది. అదీ జరిగింది."

"మామ్మగారూ, మోక్షికి మామూలు పిల్లల్లాగా..."

"నాకు సెప్పకు!" తవిటమ్మ గొంతు ఒక్కసారిగా బొంగురుపోయింది. "నా రెండో గుంట నూకాలు. నాలుగేళ్ళది. అమ్మోరు పోసింది. మా మావ ఆగలేక, ఒద్దంటే ఇనక, సూది మందు ఏయించినాడు. తెల్లారీసరికి సల్లబడిపోనాది. నా ఒళ్ళోనే. ముప్పయ్యేళ్ళయింది. ఇప్పుడు ఇది నా మనవరాలు. మళ్ళీ అదే తప్పు నా సేతుల్తో సెయ్యమంటావేటి?"

తన్మయి లేచి వెళ్ళి ముసలామె భుజం పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో డాక్టరుతనం లేదు.

"నాకూ పోసింది మామ్మగారూ. విజయనగరంలో, ఏడేళ్ళప్పుడు. మా నాయనమ్మ మందు ముట్టుకోనివ్వలేదు. పగలంతా నా పక్కన కూర్చుని పాటలు పాడింది. నేను లేచి తిరిగాను. ఎందుకంటే నా ఒంట్లో కాపలా వాళ్ళున్నారు. మోక్షి ఒంట్లో ఆ కాపలా వాళ్ళని మేమే మందులిచ్చి పడుకోబెట్టాం. కేన్సరు చావాలంటే వాళ్ళూ పడుకోవాలి. తలుపు తీసి ఉన్న ఇల్లు ఇది. అందుకే ఇంత లోపలికి వచ్చేసింది."

తవిటమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి ముందే సెప్పలేదేటమ్మా?" అంది మెల్లగా.

ఆ ప్రశ్నకి తన్మయి కళ్ళు వాలిపోయాయి. జ్వరం వస్తే రండి, రక్తం కారితే రండి, విరేచనాలైతే రండి అని కార్డు వెనక అచ్చు వేసి ఉంది. అమ్మోరు పోస్తే రండి అని ఎక్కడా లేదు. ఈ ఊళ్ళలో ఆ మాట జబ్బుల జాబితాలో ఉండదు. దేవుడి గదిలో ఉంటుంది.

"మీరు ఎప్పుడు చూశారు మామ్మగారూ?"

"మంగళారం. సాయంత్రం. ఇక్కడ సూది ఏయించుకుని ఇంటికొచ్చీసినాక, గౌను మారస్తంటే సూసేను."

ఆక్సిజన్ బుడగల చప్పుడు ఒక్కటే.

తన్మయి మెల్లగా వెనక్కి తిరిగింది. "సాయంత్రం ఆవిడ చూసింది. పొద్దున్న నువ్వు స్నానం చేయించావు."

ఝాన్సీ కూతురి వైపు చూసింది. మోక్షి కళ్ళు మూసుకుని ఉంది.

"నాకు నువ్వు అబద్ధమాడినందుకు కాదు అడుగుతున్నది" అంది తన్మయి. "పొక్కు బయటికి రావడానికి రెండు రోజుల ముందు నుంచీ ఇది పక్కవాళ్ళకి అంటుకుంటుంది. నువ్వు చెప్పిన శనివారం నిజమైతే, ఆ మంగళవారం హాల్లో కూర్చున్న పిల్లలందరూ క్షేమం. నేను అలాగే రాసి ఊరుకున్నాను. కాదు, మంగళవారమే అయితే, ఆ హాల్లో పదకొండుమంది పిల్లలున్నారు. పదకొండుమందికీ తలుపులు తీసే ఉన్నాయి. వాళ్ళకి ఇవాళే మందు మొదలుపెట్టాలి. పొక్కు కనబడ్డాక మొదలుపెడితే ఇదిగో, ఇలా అవుతుంది." ఆమె మంచం వైపు చూపించలేదు. చూపించనక్కరలేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఝాన్సీకి రెండువైపులా నుయ్యే కనబడింది. చెప్తే, రేపటి నుంచి ఆ హాల్లో ఏ తల్లి తన పక్కన కూర్చుంటుంది? మరిడమ్మ ముఖం ఎలా చూడాలి? పిల్లల్ని చంపడానికొచ్చింది అంటారు. అనరా? తనైతే అనదా? చెప్పకపోతే...

"బవానక్క" అంది మోక్షి నిద్రలో. ఏదో బొమ్మ సంగతి గొణిగింది.

ఝాన్సీకి ఏడుపు పొంగుకొచ్చింది.

"పొద్దున్నే సూసేను మేడం. నీళ్ళు పోస్తంటే. వీపు మీద రెండు, సంక కింద ఒకటి. ముత్యాల్లాగున్నాయి. నాకు తెలుసు. నాకూ సిన్నప్పుడు పోసింది. తెలిసీ... పొడుగు సేతుల గౌను ఏసేను. ఎండలో. మెడదాకా బొత్తాలెట్టి. 'ఉక్కపోస్తంది, ఇప్పీయే' అని ఏడిసింది. కొట్టేను మేడం. గౌను ఇప్పనీకుండా కొట్టేను."

"ఎందుకు?"

"మీరే అన్నారు కదా. ఒక్క ఇంజెక్షను కూడా తప్పకూడదు, తప్పితే జబ్బు తిరగబెడతాది అని. పొక్కులు సూస్తే ఇయ్యరని భయమేసింది. అమ్మోరికి దణ్ణమెట్టుకున్నాను. తల్లీ, ఈ ఒక్క పూట కనబడకు, సూది అయిపోనీ, తరవాత నీ ఇష్టం అని. ఇంటికెల్లినాక అత్త సూసింది. అప్పుడు మాత్ర ఎయ్యడానికి భయమేసింది. అమ్మోరికి కోపమొస్తాదని. కార్డు సూస్తే మీకు కోపమొస్తాదని టిక్కులెట్టేను. మొన్న బుధవారం మీరు ఫోన్ సేసి 'ఎలా ఉంది' అంటే 'బాగుంది మేడం' అన్నాను. అప్పటికి ఒళ్ళంతా పోసీసింది."

మీకు భయపడి అమ్మోరిని దాచాను, అమ్మోరికి భయపడి మీ మాత్ర దాచాను అని చెప్పాలనుకుంది. చేతులు జోడించింది.

తిడుతుందనుకుంది. తిడితే బాగుండును. తన్మయి మాత్రం స్టూలు మీద అలాగే కూర్చుని తన రెండు చేతులూ చూసుకుంటోంది.

"ఆ రోజు మోక్షి కాగితం మీద 'ఒళ్ళు చూశాను, పొక్కులు లేవు' అని రాసి సంతకం పెట్టింది ఎవరో తెలుసా?" అంది చివరికి.

ఝాన్సీ తలెత్తింది.

"నేను. ఇంజెక్షనుకి ముందు ప్రతి పిల్లకీ బట్టలు విప్పి వీపూ పొట్టా చూడాలి. నా పనిలో మొదటి అక్షరం అది. నేను హాల్లోకి వచ్చేసరికి ఆలస్యమైంది. పైన ఒక తండ్రికి కబురు చెప్పి వస్తున్నాను. ఆయన నా చెయ్యి వదల్లేదు చాలాసేపు. నీ దగ్గరికొచ్చి 'ఏమైనా ఉందా' అన్నాను. 'ఏం లేదు మేడం' అన్నావు. మోక్షి గౌను నిండా బొత్తాలు. కింద ఇంకా పదకొండుమంది. విప్పలేదు. రాసేశాను." ఆమె చేతుల మీంచి చూపు ఎత్తింది. "నిన్ను అడగడం కాదు నా పని. చూడడం. నువ్వు దాచింది గౌను కింద. నేను చూసుంటే ఆ పూటే దొరికేది."

"మీదేటి తప్పు మేడం? నాను బొత్తాలెట్టేను."

"బొత్తాలు తియ్యడానికే నాకు చదువు చెప్తున్నారు ఝాన్సీ."

తన్మయి లేచి, అక్కడే నిలబడి ఫోన్ తీసింది. జానకిరామయ్యగారికి. ఝాన్సీ ముందే మొత్తం చెప్పింది. మంగళవారం, పదకొండుమంది, తను విప్పని గౌను. దేన్నీ మెత్తబరచలేదు. 'తల్లి చెప్పలేదు' అన్న మాట ఆమె నోటి వెంట వస్తుందేమోనని ఝాన్సీ చూసింది. రాలేదు.

అవతలి గొంతు పెద్దగానే వినబడింది. "ముందు పిల్లలు. నీ సంగతి సోమవారం మాట్లాడదాం. రాసి పెట్టు, ఉన్నదున్నట్టు." ఫోన్ పెట్టేశాడాయన.

సోమవారం ఏమవుతుందో ఝాన్సీ అడగలేదు. తన్మయి ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు.

పక్కనే నర్సుల గది. మధ్యలో అద్దం. మోక్షి దగ్గర తవిటమ్మని కూర్చోబెట్టి, ఝాన్సీని తనతో తీసుకెళ్ళింది తన్మయి. అనూరాధ సిస్టరు రిజిస్టరు తెచ్చి ఆ మంగళవారం పేజీ తెరిచింది.

"ఎవరి పిల్ల వల్ల వచ్చిందో నేను ఎవరికీ చెప్పను" అంది తన్మయి, ఫోన్ చేతిలోకి తీసుకుంటూ. "అదీ నా పనిలో భాగమే. నీ పేరు బయటికి రాదు. సరేనా?"

ఝాన్సీ తల ఊపింది. ఆ మాటకి గుండె మీద బరువు కొంచెం దిగింది. దిగినందుకు సిగ్గు వేసింది.

ఒక్కో ఇంటికీ ఫోన్. "ఆ రోజు హాల్లో ఒకరికి అమ్మోరు పోసిందని ఇవాళ తెలిసింది. మీ పిల్లకి ఇవాళే మందు మొదలుపెట్టాలి. బయల్దేరండి." ఒక తండ్రి ఏడ్చాడు. ఒకామె "ఎవుల్ది ఆ గుంట? సెప్పు, దాని తల్లిని సెప్పుతో కొడతాను" అని అరిచింది. తన్మయి "కొడుదువుగాని, ముందు బస్సెక్కమ్మా" అంది. ఝాన్సీ గోడ వైపు తిరిగింది. ఆ చెప్పుదెబ్బ పడాల్సిన చోటే పడినట్టుంది.

పదిమంది దొరికారు. పదిమంది ఒంటి మీదా ఇంకా ఏమీ లేదు. సిస్టరు ఒక్కో పేరు పక్కన గీత పెడుతోంది.

పదకొండోది దుర్గాభవాని.

"అందరికంటే ముందు ఈ పాపకే చేశాను. మూడుసార్లు" అంది తన్మయి. "మోగుతోంది, ఎత్తట్లేదు. పోయినవారం లెక్కలో ఈ పాప తెల్లకణాలు అసలు లేవు."

"ఆస్పత్రి నంబరని ఎత్తదు మేడం. మళ్ళీ ఏం రిపోర్టు సెప్తారోనని దానికి భయం" అంది ఝాన్సీ. మళ్ళీ తనే, "నాను సేస్తే ఎత్తుతాది" అంది.

తన పాత ఫోన్‌లో పేరు వెతికి నొక్కింది. స్పీకరు పెట్టింది. రెండో మోతకే ఎత్తింది మరిడమ్మ.

"సెల్లీ! నీకెలాగ తెలిసిందే? నీకే సేద్దామనుకుంటన్నాను." గొంతు ఏడ్చి ఏడ్చి పగిలిపోయి ఉంది.

"ఏటైందక్కా?"

"బవానికి రాత్రి నుంచి కడుపునొప్పి. మెలికలు తిరిగిపోతంది. మీ దాకా తేలేక రాజాంలో సూపించేం. పేగు వాసింది, కోసీయాలి, లేకపోతే పగిలిపోద్ది అన్నారు. సంతకం ఎట్టీసేను. ఇప్పుడే లోపలికి తీసుకెల్లేరు. దణ్ణమెట్టుకోయే సెల్లీ, నీ మోక్షిలాగ నా గుంట కూడా..."

తన్మయి ఫోన్ మీదికి వంగింది. "మరిడమ్మా, నేను తన్మయిని. ఒంటి మీద పొక్కులేమైనా ఉన్నాయా?"

"మేడమా? లేవమ్మా. ఒక్కటీ లేదు. నునుపుగున్నాది."

తన్మయి ఝాన్సీ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఫోన్‌కి వినబడకుండా అంది. "ఇలాంటి పిల్లల్లో ఒక్కోసారి ముందు కడుపులోకి దిగుతుంది. పొక్కులు రెండు రోజుల తరవాత. పేగు వాసినట్టే ఉంటుంది. అది ఇదే అయితే, కడుపు కోస్తే ఆ పిల్ల బల్ల మీంచి లేవదు." మళ్ళీ ఫోన్‌లోకి, "మరిడమ్మా, ఆపించు. ఇప్పుడే. మత్తు ఇవ్వకముందే. ఆ డాక్టరుతో నన్ను మాట్లాడించు."

"అదేటమ్మా? కోయకపోతే పగిలిపోద్దన్నారు! మీరు సూడకుండా ఆపమంటే ఎలగాపుతాను? ఇక్కడోలు కళ్ళారా సూసి సెప్పేరు." మరిడమ్మ గొంతులో అనుమానం. "తలుపేసీసినారు. ఎర్రలైటు ఎలిగింది. నన్ను గెంటీసేరు బయటికి. ఏటని సెప్పి ఆపమంటారు?"

"ఆ రోజు హాల్లో ఒకరికి అమ్మోరు పోసింది మరిడమ్మా..."

"ఎవులికి? నా గుంట ఆ రోజంతా మోక్షి పక్కనే ఉన్నాది. ఇంకెవుల దగ్గరికీ ఎల్లలేదు. మోక్షికి బాగుంది కదా? సెల్లీ, సెప్పవేటే? బుధవారం నాను ఫోన్ సేస్తే నువ్వే కదా బాగుందన్నావు?"

తన్మయి ఝాన్సీ వైపు చూసింది. పెదవి కదపలేదు. ఇచ్చిన మాట ఆమె నోటిని కట్టేసింది.

అద్దం అవతల తవిటమ్మ మోక్షి నుదుటి మీద అరచెయ్యి వేసి కూర్చుని ఉంది. మాస్కు మసకబారుతోంది, తేటపడుతోంది, మసకబారుతోంది.

ఝాన్సీ ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది.

"అక్కా, తలుపు కొట్టు. నాను సెప్తాను. కొడతా ఇను. ఆ మంగళారం మోక్షి గౌను కింద అమ్మోరు ఉన్నాది. నాకు తెలుసు. తెలిసే నీ గుంట పక్కన పడుకోబెట్టేను."

అవతల ఏ చప్పుడూ లేదు.

తరవాత తలుపు మీద అరచేతుల మోత మొదలైంది.